బ్రేక్ ఆయిల్: ఆముదం నుంచి ఎర్రదీపం దాకా

బళ్లారిలో ఏ మెకానిక్ షెడ్డుకు పోయినా 'బ్రేక్ ఫ్లూయిడ్' అన్నమాట వినబడదు. తెలుగువాళ్లు, కన్నడంవాళ్లు, ఉర్దూ మాట్లాడేవాళ్లు, అందరూ అనేది 'బ్రేక్ ఆయిల్' అనే. ఇప్పటి కార్లలో ఉండే ఆ ద్రవం అసలు నూనే కాదు. వంటనూనెతోగానీ ఇంజను నూనెతోగానీ దానికి చుట్టరికం లేదు. కానీ తొంభై, వందేళ్ల కిందట అందులో నిజంగానే నూనె ఉండేది. అదీ ఎక్కడిదో కాదు, మన మెట్టచేలల్లో వేరుశనగ మధ్య సాలుగా వేసే ఆముదం.

మన ఇంటి చరిత్రలో ఇంతవరకు ఊళ్ల గురించి, వలసల గురించి రాసుకున్నాం. ఈసారి బండి గురించి రాస్తున్నాను. ఇప్పుడు మన చుట్టాల్లో కారు లేని ఇల్లు తక్కువ. డ్యాష్‌బోర్డు మీద బ్రేక్ ఆయిల్ తగ్గిందని ఎర్రదీపం వెలిగితే ఎవరింట్లోనైనా వచ్చే మాట ఒకటే: "ఏం కాదు, కొంచెం ఆయిల్ పోస్తే ఆరిపోతుంది." ఆరిపోతుంది, నిజమే. దాంతో ఆ సంగతి మరిచిపోతాం. ఆ దీపం ఎందుకు పుట్టిందో తెలిస్తే ఆ మాట అంత తేలిగ్గా అనలేం.

కర్ర, కడ్డీ, తీగ

మా తాతల కాలంలో బరువు బండి పల్లం దిగుతుంటే చక్రానికి అడ్డంగా కర్రను తాడుతో బిగించేవాళ్లు. కర్ర చక్రాన్ని ఒరుసుకుని బండి నిదానించేది. మొదటి మోటారు కార్లలో ఉన్నదీ ఆ పద్ధతే. కాలితో తొక్కితే కడ్డీలో తీగలో లాగి, చక్రం దగ్గర బ్రేకును బిగించేవి. చిక్కు ఎక్కడంటే నాలుగు చక్రాల దగ్గరా ఒకే బిగువు ఉండదు. ఒక తీగ సాగితే ఒక చక్రం ముందు పట్టేది, బండి ఆ పక్కకు లాగేది. ఎప్పుడూ ఎవరో ఒకరు కింద దూరి సరిచేస్తూ ఉండాల్సి వచ్చేది.

దీనికి మందు కనిపెట్టినవాళ్లలో ముఖ్యుడు అమెరికాలోని మాల్కం లాగ్‌హెడ్. విమానాల లాక్‌హీడ్ కంపెనీని మొదలుపెట్టిన ఆలన్ ఈయన తమ్ముడో అన్నో అని చాలామంది అడుగుతారు. ఇద్దరూ అన్నదమ్ములే. పలకడం కష్టమని తర్వాత పేరు స్పెల్లింగు మార్చుకున్నారు. మాల్కం 1917లో ద్రవంతో పనిచేసే బ్రేకుకు పేటెంటు తీసుకున్నాడు. అందులోని సూత్రం పాస్కల్ 17వ శతాబ్దంలోనే చెప్పాడు: మూసి ఉంచిన ద్రవాన్ని ఒకచోట నొక్కితే ఆ ఒత్తిడి అన్ని వైపులకూ సమానంగా పోతుంది. అంటే పెడల్ దగ్గర నొక్కితే నాలుగు చక్రాల దగ్గరా ఒకే ఒత్తిడి. సరిచేసే పనే లేదు. నాలుగు చక్రాలకూ ఇలాంటి బ్రేకులతో 1921లో డ్యూసెన్‌బర్గ్ కారు వచ్చింది. 1924లో క్రైస్లర్ వాటిని మధ్యతరగతి కొనగలిగే కారులోకి తెచ్చింది.

తోలు, రబ్బరు, ఆముదం

మొదట్లో సిలిండర్ లోపల ద్రవం బయటికి రాకుండా ఆపడానికి పచ్చితోలు కప్పులు పెట్టారు. కపిల తోలిన ఇళ్లవాళ్లకు దీని సంగతి వేరే చెప్పక్కర్లేదు. తోలు తొండం ఎండితే కారుతుంది, నానితే సాగుతుంది, ఏడాది తిరిగేసరికి కుట్లు వదులుతాయి. కార్లలోనూ అదే జరిగింది. తోలు కప్పులు కారాయి. క్రైస్లర్ ఇంజనీర్లు వాటి బదులు రబ్బరు కప్పులు పెట్టాక గానీ ఈ బ్రేకు నిలదొక్కుకోలేదు.

రబ్బరు పెట్టాక ఇంకో సమస్య వచ్చింది. ఆనాటిది చెట్టు రబ్బరు. నేలలోంచి తీసిన నూనె ఏది తగిలినా అది ఉబ్బి మెత్తబడుతుంది. ఇంజను ఆయిల్ పోస్తే కొన్నాళ్లకే కప్పు పాడవుతుంది. రబ్బరును చెడగొట్టకుండా, జారుడు గుణం ఉన్న నూనె కావాలి. అలా ఆముదం దొరికింది. ఆముదం బాగా చిక్కన కాబట్టి అందులో ఆల్కహాల్ కలిపి పల్చన చేశారు. చాలా ఏళ్లు ప్రపంచంలో కార్ల బ్రేకుల్లో ఉన్నది ఈ రకం కలయికే. సోవియట్ కార్లలో ఆముదం సగం, బ్యూటైల్ ఆల్కహాల్ సగం కలిపిన బీఎస్‌కే అనే ఎర్రటి ద్రవం ఇంకా చాలాకాలం వాడారు.

కాబట్టి మన షెడ్లలో 'ఆయిల్' అనే మాట తప్పుగా పుట్టింది కాదు. ద్రవం మారిపోయింది, మాట ఉండిపోయింది. మారడానికి కారణం వేడి. కార్ల వేగం, బరువు పెరిగాయి. ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు వచ్చాయి. ఆ వేడికి ఆల్కహాల్ మరిగి ఆవిరయ్యేది. ద్రవాన్ని నొక్కితే కుదించుకోదు గానీ ఆవిరి బుడగ కుదించుకుంటుంది. అప్పుడు పెడల్ తొక్కితే ఒత్తిడి చక్రం దాకా పోదు, బుడగ నలగడంతోనే సరిపోతుంది. కాలు నేలకు తగులుతుంది, బండి మాత్రం ఆగదు. అందుకని ఎక్కువ వేడికి గానీ మరగని గ్లైకాల్ ఈథర్ ద్రవాలు వచ్చాయి. డబ్బా మీద డాట్ 3, డాట్ 4 అని రాసి ఉండేవి అవే. డాట్ అంటే అమెరికా రవాణా శాఖ పేరులోని పొడి అక్షరాలు.

రైలు ఆగుతుంది, కారు ఆగదు

బళ్లారివాళ్లకు గుంతకల్లు రైళ్లు ఇంటి ముందు బండ్లలాంటివి. పాత రైళ్లలో ఉండేది వ్యాక్యూం బ్రేకు. బండి పొడవునా ఉన్న గొట్టంలోంచి గాలి తీసేసి ఉంచుతారు. ఆ శూన్యమే బ్రేకును పట్టకుండా ఆపుతుంది. చైను లాగినా, గొట్టం పగిలినా, పెట్టెలు విడిపోయినా గాలి లోపలికి పోయి బ్రేకు తనంతట తానే పడుతుంది. అమెరికాలో జార్జ్ వెస్టింగ్‌హౌస్ 1870ల్లో తెచ్చిన ఆటోమేటిక్ ఎయిర్ బ్రేకు పని తీరు వేరు, దాని నియమం మాత్రం ఇదే: లోపం వస్తే బండి ఆగాలి.

ఇప్పుడు తోరణగల్లు, సండూరు రోడ్ల మీద తిరిగే పెద్ద టిప్పర్లూ గాలి బ్రేకులవే. గాలి తగ్గితే క్యాబిన్‌లో బజర్ మోగుతుంది. ఇంకా తగ్గితే లోపలున్న గట్టి స్ప్రింగు చక్రాన్ని పట్టేస్తుంది. రోడ్డు మధ్యలో కదలకుండా నిలబడిపోయిన టిప్పర్‌ను చూసి మనం విసుక్కుంటాం గానీ, అలా నిలబడటమే దానికి నేర్పిన బుద్ధి.

కారు బ్రేకు దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. ద్రవం ఉంటేనే బ్రేకు. అది కారిపోతే బ్రేకు పట్టదు, పోతుంది. లోపం వస్తే బండి ఆగదు, పరిగెత్తుతుంది. హెన్రీ ఫోర్డ్ చాలాకాలం ద్రవం బ్రేకులను నమ్మలేదు. 1939 మోడళ్ల దాకా ఫోర్డ్ కార్లు కడ్డీలు, తీగలతోనే నడిచాయి. ముసలాయన మొండితనం అని చాలామంది నవ్వారు. ఆయన భయంలో మాత్రం నిజం ఉంది. ఇనుప కడ్డీ కారిపోదు.

రెండు లైన్లు, ఒక దీపం

మొదటి తరం ద్రవ బ్రేకుల్లో నాలుగు చక్రాలకూ ఒకటే లైను. మాస్టర్ సిలిండర్‌లో ఒకే గది. ఎక్కడో ఒక చక్రం దగ్గర గొట్టం తెగితే నాలుగు చక్రాల బ్రేకూ పోయేది. రెండో ప్రపంచ యుద్ధంలో వచ్చిన విల్లీస్ జీపుల్లో ఉన్నదీ ఇదే. వాటి మాస్టర్ సిలిండర్ డ్రైవర్ కాళ్ల కింద, నేల రేకు అడుగున ఉండేది. ఆయిల్ ఎంతుందో చూడాలంటే రేకులోని మూత విప్పాలి. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మహీంద్రా ఆ జీపులను మన దేశంలో బిగించడం మొదలుపెట్టింది. ఆ తర్వాత రాయలసీమ రోడ్లమీద జీపు ఎంత మామూలైపోయిందో మన పెద్దవాళ్లకు తెలుసు.

1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు పోయాయి. బళ్లారి ఇటు మైసూరులో కలిసింది. మనలాంటి కుటుంబాలకు పెళ్లి ఒక రాష్ట్రంలో, ఇల్లు ఒక రాష్ట్రంలో అయింది. ఆ తర్వాత 1950ల చివర్లో అంబాసిడర్ వచ్చింది. బ్రిటన్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాలో ఉత్తరపారాలో తయారైన కారు అది. నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులు, అవీ ద్రవంతో పనిచేసేవే. 1962లో మద్రాసు దగ్గర పాడిలో బ్రేక్స్ ఇండియా మొదలయ్యాక ఈ సరుకు ఇక్కడే తయారవడం పెరిగింది.

ఆ కాలం కార్లలో ఆయిల్ తగ్గిందని చెప్పే దీపం ఉండేది కాదు. డబ్బా లోహంది. లోపల ఎంతుందో బయటికి కనబడదు. చెప్పేది కాలు ఒక్కటే. పెడల్ నిన్నటికన్నా కిందికి పోతోందా, మెత్తగా తగులుతోందా, రెండుసార్లు తొక్కితేగానీ గట్టిపడటం లేదా అని డ్రైవర్లు కాలితోనే కనిపెట్టేవాళ్లు. పొద్దున బండి తీసేముందు చక్రాల లోపలి వైపు తడి ఉందా అని చూసేవాళ్లు. మా నాయన తరం దాకా ఈ అలవాటు ఉండేది.

ఒకే లైను ప్రమాదాన్ని తగ్గించడానికి మాస్టర్ సిలిండర్‌ను రెండు గదులుగా చేశారు. 1962లో కాడిలాక్, ర్యాంబ్లర్ కార్లలో ఇది వచ్చింది. ఒక గది పోయినా రెండోది రెండు చక్రాలనైనా పడుతుంది. చాలా ఫ్రంట్ వీల్ డ్రైవ్ కార్లలో ఈ రెండు లైన్లను ఐమూలగా వేస్తారు: ముందు కుడి చక్రంతో వెనక ఎడమ చక్రం, ముందు ఎడమతో వెనక కుడి. 1968 జనవరి 1 నుంచి అమెరికాలో కొత్త కార్లన్నిటికీ రెండు లైన్ల బ్రేకు తప్పనిసరి చేశారు. దాంతోపాటే బ్రేకులో లోపం వస్తే వెలిగే దీపమూ తప్పనిసరి అయింది.

ఈ రెండూ కలిసి ఎందుకు వచ్చాయో ఆలోచించండి. ఒకే లైను ఉన్నప్పుడు అది పోతే డ్రైవర్‌కు చెప్పనక్కర్లేదు, కాలికే తెలుస్తుంది. రెండు లైన్లు ఉన్నప్పుడు ఒకటి పోయినా బండి ఎంతో కొంత ఆగుతుంది. పెడల్ కొంచెం కిందికి పోతుంది, ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది, అంతే. ఊళ్లో నిదానంగా తిరిగేవాళ్లకు తేడా తెలియకపోవచ్చు. అలా సగం బ్రేకుతో వారాల తరబడి తిరిగి, ఒకరోజు హైవే మీద గట్టిగా తొక్కాల్సి వచ్చినప్పుడు తెలుస్తుంది. మిగిలిన సగం ఉండగానే మొదటి సగం సంగతి చెప్పడానికే దీపం పెట్టారు. రైలుకు పుట్టుకతో వచ్చిన జాగ్రత్తను కారుకు ఒక చిన్న బల్బుతో అతికించారన్నమాట.

దీపం ఏం చూస్తుంది

ఇప్పటి కార్లలో బానెట్ కింద తెల్లటి ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది. మీద మ్యాక్స్, మిన్ అని గీతలుంటాయి. లోపల తేలే ఒక బెండు, చాలా బండ్లలో దానికొక అయస్కాంతం. ద్రవం తగ్గితే బెండు దిగుతుంది, అయస్కాంతం స్విచ్చి దగ్గరకు వస్తుంది, దీపం వెలుగుతుంది. చాలా కార్లలో హ్యాండ్ బ్రేకుకూ దీనికీ ఒకటే దీపం. గుండ్రటి గీత లోపల ఆశ్చర్యార్థకం గుర్తు ఉంటుంది.

అంటే ఆ దీపానికి తెలిసింది డబ్బాలో మట్టం ఒక్కటే. ఎందుకు తగ్గిందో దానికి తెలియదు. ద్రవం పాతబడిందా, నీళ్లు చేరిందా కూడా తెలియదు. కారణాలు నాలుగు.

ఒకటి, హ్యాండ్ బ్రేకు పూర్తిగా దిగలేదు. సీటు పక్కన ఏదైనా అడ్డుపడి ఒక పన్ను మీద నిలబడి ఉంటుంది. ముందు ఇది చూడాలి.

రెండు, బ్రేక్ ప్యాడ్లు అరిగాయి. ఇది రోగం కాదు, వయసు. ప్యాడ్ పల్చబడేకొద్దీ దాన్ని నొక్కే పిస్టన్ ముందుకు వచ్చి అక్కడే నిలబడుతుంది. దాని వెనక ఖాళీలోకి డబ్బాలోని ద్రవం పోయి నిండుతుంది. బొట్టు కూడా బయటికి పోకుండానే డబ్బాలో మట్టం దిగుతుంది. ఇలాంటప్పుడు దీపం మొదట పల్లంలో, మలుపులో, గట్టిగా బ్రేకు వేసినప్పుడు వెలిగి ఆరుతుంది. ద్రవం ఒక పక్కకు ఒరిగి బెండు దిగుతుంది కాబట్టి అలా జరుగుతుంది.

మూడు, ఎక్కడో కారుతోంది. రబ్బరు గొట్టం, వీల్ సిలిండర్, క్యాలిపర్, మాస్టర్ సిలిండర్, వీటిలో ఏదైనా కావచ్చు. అసలు ప్రమాదం ఇదే.

నాలుగు, బెండో వైరో చెడింది. ఎలుకలు వైరు కొరికినా వెలగొచ్చు. మట్టం సరిగ్గా ఉండి దీపం వెలిగితే ఇది అనుకోవచ్చు. అయినా లైన్లలో ఒత్తిడి తేడా వచ్చినా కొన్ని బండ్లలో ఇదే దీపం వెలుగుతుంది కాబట్టి షెడ్డులో చూపించాకే అనుకోవాలి.

రెండో కారణానికీ మూడో కారణానికీ తేడా పట్టుకోకుండా ఆయిల్ పోస్తే రెండూ చెడతాయి. ప్యాడ్లు అరిగిన బండిలో మ్యాక్స్ దాకా పోస్తే దీపం ఆరిపోతుంది, ప్యాడ్లు అరిగాయని చెప్పే ఆ ఒక్క గొంతూ మూగబోతుంది. తర్వాత కొత్త ప్యాడ్లు వేసేటప్పుడు పిస్టన్‌ను వెనక్కి నెడితే ఎక్కువైన ద్రవం డబ్బా పైకి పొంగుతుంది. అది పెయింటు మీద పడితే పెయింటు లేస్తుంది. కారుతున్న బండిలో పోస్తే ఓటికుండలో నీళ్లు పోసినట్టే. మా వీధి మెకానిక్ ఒకాయన ఎప్పుడూ అనే మాట: "పోసేది ఎంతసేపన్నా, రెండు నిమిషాలు. యాడికి పోయిందో కనుక్కునేదే పని."

బళ్లారి ఎండ, సండూరు దిగుడు

మన ప్రాంతం బ్రేకులకు కష్టమైన ప్రాంతం. ఎండాకాలం 40 డిగ్రీలు దాటడం మామూలు. సండూరు కొండల్లో కుమారస్వామి గుడికి పోయివచ్చే దారి ఘాట్. హోస్పేట, గుంతకల్లు వైపు పోయే పాత 63వ నంబరు జాతీయ రహదారి, ఇప్పటి 67, బరువు బండ్లతో నిండి ఉంటుంది. 2000 తర్వాత ఇనుప ఖనిజం వ్యాపారం ఉబ్బిన రోజుల్లో ఈ రోడ్లు ఎలా ఉండేవో ఆ కాలంలో ఇక్కడ బండి తోలినవాళ్లు మరిచిపోలేరు. 2011 జూలై 29న సుప్రీంకోర్టు బళ్లారి జిల్లాలో గనుల తవ్వకం ఆపమన్నాక లారీలు వరసలుగా నిలబడిపోయాయి. తర్వాత నిబంధనలతో తవ్వకం మళ్లీ మొదలైంది, ఎర్రదుమ్మూ మళ్లీ వచ్చింది.

ఈ ఎర్రదుమ్ముతో ఒక చెడు, ఒక మంచి ఉన్నాయి. చెడు ఏమంటే, ఆయిల్ డబ్బా మూత చుట్టూ అది పేరుకుని ఉంటుంది. తుడవకుండా మూత తీస్తే నేరుగా లోపల పడుతుంది. ఇనుప రజను రబ్బరు కప్పులను గీస్తుంది. మంచి ఏమంటే, చక్రం లోపల ఎక్కడ కారినా ఆ దుమ్ము తడిసి నల్లటి చారగా కనబడుతుంది. టైరు లోపలి గోడ మీద, రిమ్ము మీద అలాంటి చార ఉంటే ఆ బండిని కదపకూడదు.

ఘాట్ల సంగతి వేరే చెప్పాలి. గ్లైకాల్ ద్రవానికి గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. కొత్త డాట్ 3 ద్రవం కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదని నియమం. నూటికి సుమారు 3.7 పాళ్లు నీళ్లు చేరాక అదే 140 డిగ్రీలకే మరగవచ్చు. డాట్ 4కు ఆ లెక్క 230, 155. అంటే డబ్బా నిండుగా ఉండి, దీపం వెలగకుండా, లోపలి ద్రవం మాత్రం ఘాట్ దిగే వేడికి తట్టుకోలేని స్థితిలో ఉండొచ్చు. అందుకే రెండేళ్లకోసారి, లేదా బండి పుస్తకంలో చెప్పినప్పుడు, ఆయిల్ మొత్తం మార్పించాలి. పైన పోస్తూ పోతే పాతది లోపలే ఉంటుంది.

మన కుటుంబాలు ఏ రాష్ట్రంలో ఉన్నా, ఏ దేశంలో ఉన్నా ఎప్పుడో ఒకప్పుడు తిరుమలకు కారులో పోతారు. 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డే ఇప్పుడు కొండ దిగే దారి. ఎక్కే దారి తర్వాత వేసింది. ఇరుకు మలుపులతో, పిల్లా పెద్దా సామానుతో నిండిన బండి ఆ పాత దారిలో దిగుతుంది. అక్కడ బ్రేకు మీద కాలు నిలిపి దిగకుండా రెండో గేరులో ఇంజను పట్టుతో దిగాలి. బయలుదేరేముందు రోజు బానెట్ ఎత్తి డబ్బా చూడాలి.

వెలిగినప్పుడు చేయాల్సింది

బళ్లారి నుంచి ఉరవకొండ వైపు పోతూ విడపనకల్లు దాటాక దీపం వెలిగిందనుకోండి. రాష్ట్రం మారింది, తెలిసిన షెడ్డు వెనకబడింది, పెళ్లి ముహూర్తం ముందుంది. అప్పుడు వరసగా ఇవి చేయండి.

వేగం తగ్గించి, వెనక చూసుకుని, ఎడమ పక్కకు తీసి ఆపండి. హ్యాండ్ బ్రేకు పూర్తిగా దించి ఉందో చూడండి. అది కాకపోతే ఇంజను ఆన్‌లోనే ఉంచి, బండి నిలబడి ఉండగా పెడల్ గట్టిగా తొక్కి అరనిమిషం పట్టుకోండి. ఎప్పటిలా గట్టిగా నిలబడితే కొంత ధైర్యం. కాలి కింద నెమ్మదిగా దిగిపోతూ ఉంటే, స్పాంజిలా మెత్తగా ఉంటే, ఎప్పటికన్నా బాగా కిందికి పోతే బండి ఇక నడపకూడదు. టోయింగ్ బండిని పిలవాలి. చాలా ఇన్సూరెన్సుల్లో ఆ సౌకర్యం ఉంటుంది, ఆ నంబరు ఫోనులో ముందే రాసి పెట్టుకోండి.

పెడల్ గట్టిగా ఉంటే బానెట్ ఎత్తి మట్టం చూడండి. నాలుగు చక్రాల లోపలి వైపు, బండి కింద నేల మీద, పెడల్ పైభాగంలో తడి ఉందా చూడండి. ఎక్కడా తడి లేక, మట్టం మిన్ గీత దగ్గర ఉంటే ప్యాడ్ల అరుగుదల అయివుండవచ్చు. మూత చుట్టూ శుభ్రంగా తుడిచి, మూత మీద రాసిన రకమే, సీలు తీయని కొత్త డబ్బాలోంచి, మిన్ దాటేలా కొంచెం పోసి, దగ్గర్లోని షెడ్డుకు నిదానంగా పోవచ్చు. అదీ షెడ్డు దాకానే. అక్కడ 'ఆయిల్ పోశాను' అని కాదు, 'ఆయిల్ ఇంత తగ్గింది, ఎందుకో చూడండి' అని చెప్పండి. మట్టం మిన్ కన్నా బాగా కిందికి ఉంటే, లేదా పోసింది గంటలో మళ్లీ తగ్గితే అది కారడమే. తడి బయటికి కనబడకపోయినా సరే, మాస్టర్ సిలిండర్ వెనక నుంచి బూస్టర్‌లోకి కారితే బయటికి తెలియదు.

నడుస్తుండగానే పెడల్ నేలకు పోతే ఇంజను ఆపకండి. ఆపితే స్టీరింగు బరువవుతుంది, తాళం తీస్తే లాక్ కూడా పడొచ్చు. పెడల్‌ను గబగబా చాలాసార్లు తొక్కండి, కొంత ఒత్తిడి దొరకొచ్చు. గేర్లు ఒక్కొక్కటీ దించండి. హ్యాండ్ బ్రేకు బటను నొక్కి పట్టుకునే కొంచెం కొంచెంగా లాగండి. దానికి తీగ వేరే ఉంటుంది, ఆ పాతకాలం తీగే. ద్రవం పోయినా అది పనిచేస్తుంది. మన 1989 మోటారు వాహనాల నిబంధనల్లో కాలి బ్రేకు, హ్యాండ్ బ్రేకు రెండూ వేరువేరుగా ఉండాలన్నది ఇందుకే.

ఏది పోయాలి

ఇక్కడ మళ్లీ ఆ 'ఆయిల్' మాట దగ్గరకు వస్తాం. పల్లెల్లో, దారిలో ఇబ్బంది పడ్డప్పుడు ఇంజను ఆయిలో స్టీరింగు ఆయిలో బ్రేకు డబ్బాలో పోసినవాళ్లున్నారు. 'ఏదైనా ఆయిలే కదా' అని. వందేళ్ల కిందట ఆముదం ఎందుకు ఎంచుకున్నారో గుర్తు చేసుకోండి. నేల నూనె రబ్బరును ఉబ్బిస్తుంది. ఇప్పటి బ్రేకుల రబ్బరు వేరే రకమే అయినా గ్లైకాల్‌కు సరిపోయేలా చేసింది, నేల నూనెకు కాదు. ఒక్కసారి పోసినా లోపల ఉన్న ప్రతి రబ్బరు కప్పూ, గొట్టమూ మార్చాల్సి వస్తుంది. ఆముదం కూడా ఇప్పుడు పనికిరాదు.

డాట్ 3 అడిగిన బండిలో మామూలుగా డాట్ 4 పోయవచ్చు. డాట్ 4 అడిగినదాంట్లో డాట్ 3 పోయకూడదు. డాట్ 5 అనేది సిలికోన్, వీటిలో కలవదు. డాట్ 5.1 మళ్లీ గ్లైకాల్ రకమే. పేరులో చుక్క తేడా, లోపల జాతి తేడా. మూత తీసిన డబ్బాను ఇంట్లో దాచి మరుసటేడు వాడకండి, అది తేమ పీల్చుకుని ఉంటుంది.

ఇంకొకటి. మన ఇళ్లలో బండి ఒకరిది, తోలేది ఇంకొకరు, సర్వీసుకు ఇచ్చేది మూడో మనిషి. కేఏ 34 బండి అనంతపురంలో పెళ్లికి పోతుంది, ఆదోని అల్లుడు తోలుతాడు, దారిలో డ్రైవర్‌ను పెట్టుకుంటాం. దీపం వెలిగితే ఒకరు ఆయిల్ పోసి ఊరుకుంటారు, ఆ సంగతి తర్వాత తోలేవాళ్లకు తెలియదు. నెలలో ముగ్గురు మూడుసార్లు పోసినా ప్రతివాళ్లూ 'ఒక్కసారే కదా' అనుకుంటారు. అందుకని మా ఇంట్లో బండి డ్యాష్ పెట్టెలో ఒక చిన్న నోటుబుక్కు ఉంటుంది. బ్రేక్ ఆయిల్ ఎవరు పోసినా తేదీ, కిలోమీటర్లు, ఎంత తగ్గిందో రాయాలి. తెలుగులో రాసినా కన్నడంలో రాసినా సరే. ఈ పుస్తకంలో మూడు నెలల్లో రెండు గీతలు పడితే బండి తిన్నగా షెడ్డుకు పోతుంది. మీ ఇంట్లోనూ ఒకటి పెట్టండి, పది రూపాయల పుస్తకం చాలు.